ఎత్తడం వేరు, వినడం వేరు

సాయంత్రం వేళ హైదరాబాద్ రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కాసేపు నిలబడితే ఒకే మాట పదే పదే చెవిన పడుతుంది: "క్యాబ్ ఎక్కుతున్నానమ్మా, మళ్లీ చేస్తా." ఫోన్ మోగింది, రెండో రింగుకే ఎత్తారు, నాలుగు సెకన్లలో పెట్టేశారు. అవతల అమ్మ ఏం చెప్పబోయిందో తెలియదు. ఆ "మళ్లీ" ఎప్పుడో ఇద్దరికీ తెలియదు. హైటెక్ సిటీ నుంచి కోకాపేట దాకా ఉద్యోగాలు చేసుకుంటున్న చాలామందికి ఫోన్ ఎత్తడం అలవాటైనంతగా వినడం అలవాటు కాలేదు. అందుకు వాళ్ల మనసుల్ని తప్పుపట్టను. లోపం పద్ధతిలో ఉంది, పద్ధతిని మార్చుకోవచ్చు.

నేను చూపించే దారి కొంచెం పాతది. ఇంట్లో ఒక కార్డ్‌లెస్ ఫోన్, దానితో పాటు ఆన్సరింగ్ మెషిన్ పెట్టుకోమంటాను. పాత వస్తువు మీద మమకారంతో ఈ మాట అనడం లేదు. వెంటనే ఎత్తక్కర్లేదు, కానీ తప్పకుండా వినాలి అనే క్రమశిక్షణను ఇంతకంటే బాగా నేర్పే పరికరాన్ని నేను చూడలేదు.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ అనే ఐటీ భవనాన్ని ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టుపక్కల ఇళ్ల కంటే బండరాళ్లే ఎక్కువ. అప్పట్లో సెల్‌ఫోన్‌కు వచ్చే కాల్‌కి కూడా డబ్బు కట్టాలి. ఇన్‌కమింగ్ ఉచితమైంది 2003 మే 1 నుంచి. అందుకని ఊరి కబురైనా, ఇంటర్వ్యూ పిలుపైనా, అమెరికా నుంచి పిల్లల క్షేమమైనా ఇంటి ఫోన్‌కే రావాలి. అక్కడ ప్రాజెక్టు ముగించుకుని తిరిగొచ్చిన ఇంజినీర్లు సూట్‌కేసులో కార్డ్‌లెస్ సెట్ తెచ్చుకునేవాళ్లు. అక్కడి 110 వోల్టుల అడాప్టర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. కాబట్టి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొచ్చుకునేవాళ్లు.

ఆ సెట్లలో కొన్నింటికి ఆన్సరింగ్ మెషిన్ కూడా ఉండేది. ఎవరూ ఎత్తకపోతే ఇంటివాళ్ల గొంతుతో రికార్డు చేసిన పలకరింపు వినిపిస్తుంది, తర్వాత బీప్, ఆ తర్వాత అవతలివాళ్లు చెప్పిందంతా నమోదవుతుంది. ఇంటికి రాగానే ఎర్రలైటు మిణుకుమంటూ ఉంటే ఏదో కబురొచ్చిందని అర్థం. బయటి నుంచి తమ ఇంటికే ఫోన్ చేసి, కోడ్ నొక్కి మెసేజీలు వినే వీలు కూడా ఉంది. అందులో టోల్ సేవర్ అనే అమరిక నాకు చాలా ఇష్టం. చాలా మోడళ్లలో కొత్త మెసేజీ ఉంటే మెషిన్ రెండో రింగుకే అందుకుంటుంది, లేకపోతే నాలుగో రింగు దాకా ఆగుతుంది. మూడో రింగు వినబడిందంటే కొత్తవేమీ లేవన్నమాట. అప్పుడే పెట్టేస్తే కాల్ ఖర్చు పడదు. మన మిస్డ్ కాల్‌లో ఉన్న తెలివే ఇది.

ఆ మిస్డ్ కాలే మన దగ్గర ఆన్సరింగ్ మెషిన్‌ను నిలదొక్కుకోనివ్వలేదని నేననుకుంటాను. మెషిన్‌తో మాట్లాడాలంటే పెద్దవాళ్లకి బిడియం. పలకరింపు వినబడగానే "ఎవరో మిషన్ మాట్లాడుతోందిరా" అని పెట్టేసేవాళ్లు. పైగా మెషిన్ అందుకుందంటే కాల్ బిల్లు పడేది, మిస్డ్ కాల్‌కి పైసా పడేది కాదు. కానీ ఎవరు పిలిచారో చెప్పే మిస్డ్ కాల్ ఎందుకు పిలిచారో చెప్పదు. అమ్మ నుంచి ఆరు మిస్డ్ కాల్స్ కనిపిస్తే కొడుక్కి గుండె జారుతుంది. తీరా చేస్తే గ్యాస్ బుకింగ్ నంబరు ఏదని అడగడానికి. ఇంకోరోజు ఒక్కటే మిస్డ్ కాల్, అది నిజంగా ఆసుపత్రి నుంచి. విషయం లేని పిలుపులు గుట్టలుగా పడుతున్నప్పుడు ఏది ముఖ్యమో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో ఇప్పుడు దీన్ని పెట్టడం కష్టం కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల్లో 2020లో సుమారు 2 కోట్లకు పడిపోయిన ల్యాండ్‌లైన్ కనెక్షన్లు 2023 నాటికి 3 కోట్లు దాటాయి. ఫైబర్ ఇంటర్నెట్‌తో పాటు ల్యాండ్‌లైన్ నంబరు కూడా రావడం దీనికి ముఖ్య కారణం. కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల ఫ్లాట్లలో ఎన్నో రౌటర్ల వెనక ఫోన్ అని రాసి ఉన్న చిన్న రంధ్రం ఖాళీగా ఉంటుంది. నెలనెలా కట్టే డబ్బులోనే ఆ నంబరు కూడా ఉందని చాలామందికి తెలియదు. మీ ప్లాన్‌లో ఉందో లేదో కనుక్కోండి. ఉంటే ఆన్సరింగ్ సదుపాయం ఉన్న కార్డ్‌లెస్ సెట్ ఒకటి తెచ్చి ఆ రంధ్రంలో వైరు పెట్టడమే పని.

ఎక్కడ పెట్టాలి, ఎలా చూసుకోవాలి

కార్డ్‌లెస్‌లో రెండు భాగాలు. గోడ ప్లగ్గుకీ ఫోన్ వైరుకీ కలిపి ఉండేది బేస్, చేత్తో పట్టుకు తిరిగేది హ్యాండ్‌సెట్. డెక్ట్ అనే డిజిటల్ రకం సెట్లకు ఇంటి లోపల 50 మీటర్లు, ఆరుబయట 300 మీటర్ల దాకా అందుతుందని కంపెనీలు రాస్తాయి. మన కొత్త టవర్లలో ఆ లెక్క కుదరదు. నార్సింగి, కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు మివాన్ పద్ధతిలో కట్టిన ఫ్లాట్లలో లోపలి గోడలు కూడా ఇనుప చువ్వలు వేసి పోసిన కాంక్రీటే. ఇటుక గోడ దాటినంత తేలిగ్గా రేడియో తరంగం ఆ గోడను దాటదు. అందుకని బేస్‌ను ఇంటి మధ్యలో, హాలుకీ బెడ్‌రూంలకీ నడుమ నడవాలో పెట్టండి. ఫైబర్ బాక్సు తలుపు పక్కన షూ ర్యాక్ మీద ఉంటే అక్కడి నుంచి నడవా దాకా ఫోన్ వైరు లాగించండి. ఆ ఒక్క పనితో సగం ఫిర్యాదులు పోతాయి.

కొన్ని సెట్లు 2.4 గిగాహెర్ట్‌జ్ మీద పనిచేస్తాయి. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే చుట్టుపక్కల ఉంటాయి. వంటింట్లో పాలు వేడి చేస్తున్నప్పుడల్లా గరగర వస్తోందంటే కారణం అదే. అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన కొత్త సెట్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దనే చెబుతాను. అక్కడి డెక్ట్ 6.0 ఫోన్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్‌జ్ మధ్య పనిచేస్తాయి. మన దేశంలో ఆ పట్టీ కార్డ్‌లెస్ ఫోన్లకు ఇచ్చింది కాదు. అందులో అడ్డుపడకూడదు. ఇక్కడ దొరికే సెట్టే ఇక్కడ కొనండి.

హ్యాండ్‌సెట్‌లో ఉండేవి ట్రిపుల్ ఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్. అవి నీరసించాక కిరాణా కొట్లో దొరికే మామూలు సెల్స్ వేసి క్రేడిల్‌లో, అంటే చార్జింగ్ గూటిలో, పెట్టకండి. అవి చార్జింగ్‌కి పనికిరావు, కారి సెట్‌ను పాడుచేస్తాయి. మాట్లాడటం అయ్యాక హ్యాండ్‌సెట్‌ను తిరిగి క్రేడిల్‌లో పెట్టే అలవాటు ఇంటిల్లిపాదికీ చేయండి. దిండు కింద, బాల్కనీలో ఉయ్యాల మీద, ఆఖరికి ఫ్రిజ్ మీద ఉండిపోయిన హ్యాండ్‌సెట్ అవసరానికి మూగబోతుంది.

కరెంటు సంగతి ముఖ్యం. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు ఎక్స్చేంజి నుంచే 48 వోల్టులు వచ్చేవి కాబట్టి, ఊరంతా చీకటైనా నల్లటి డయల్ ఫోన్ మోగేది. కార్డ్‌లెస్ బేస్‌కూ ఫైబర్ బాక్సుకూ రెంటికీ ఇంటి కరెంటు కావాలి. ఆ రెండు ప్లగ్గులూ ఇన్వర్టర్ లైనులో ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ సరిపోతుంది.

మరో చిన్న మాట. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. పెద్దవాళ్లు ఈ ఒక్క కారణానికే ఫోన్ పాడైందనుకుంటారు. హ్యాండ్‌సెట్‌లో నంబర్లన్నీ సున్నాతోనే సేవ్ చేసి ఇవ్వండి.

బీప్ తర్వాత ఏం చెప్పాలి

అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. నాన్నగారు మెసేజీ పెడతారు: "ఒరే, నేనే. ఒకసారి ఫోన్ చెయ్యి." అంతే. డాలస్‌లో అర్ధరాత్రి అది విన్న కొడుకు లేచి కూర్చుంటాడు. భార్యను లేపుతాడు. ఇక్కడ ఎవరూ ఎత్తరు, ఎందుకంటే అందరూ గుడికెళ్లారు. పక్క ఫ్లాట్‌వాళ్లకు చేస్తాడు. రెండు గంటల తర్వాత తేలేదేమిటంటే, మేనత్త కూతురి పెళ్లికి ముహూర్తం కుదిరింది.

ఈ భయం కొత్తది కాదు. ఒకప్పుడు టెలిగ్రాం వచ్చిందంటే కవరు విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది గానీ ఆ గుబులు మాత్రం ఫోన్‌లోకి చేరింది. దీనికి విరుగుడు కూడా మన దగ్గరే ఉంది. మన పెద్దవాళ్లు ఉత్తరం మొదలుపెట్టేదే ఉభయకుశలోపరి అని. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాం, ఇక విషయానికొస్తే అని రాసేవాళ్లు. అది మర్యాద కోసం మాత్రమే పెట్టింది కాదు. చదివేవాడి గుండెను ముందు కుదుటపరిచి, ఆ తర్వాతే పని చెప్పేవాళ్లు. పది రోజులు ప్రయాణం చేసి వచ్చే ఉత్తరానికి అది ఎంత అవసరమో, పది గంటల తేడా ఉన్న దేశంలో వినే మెసేజీకి కూడా అంతే అవసరం.

కాబట్టి మెసేజీ ఇలా ఉండాలి: "బాబూ, నేను నాన్నని. అందరం బాగున్నాం, కంగారు పడకు. ఊళ్లో పట్టాదారు పాసుపుస్తకం పనికి నీ ఆధార్ కాపీ కావాలిట. శుక్రవారం లోపల పంపితే చాలు. నేను రేపు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఇంట్లోనే ఉంటా." ఇందులో ఎవరు, క్షేమమా కాదా, పనేమిటి, ఎప్పటిలోగా, ఎప్పుడు దొరుకుతారు, అన్నీ వచ్చాయి. పాతిక సెకన్లు పట్టదు. ఇది విన్నాక కొడుకు రాత్రి నిద్ర పోతాడు, పొద్దున లేచి కాపీ పంపుతాడు. తిరిగి ఫోన్ చేయాల్సిన అవసరం కూడా లేదు. చేస్తే కబుర్లు చెప్పుకోవడానికి చేస్తాడు, అది ఇంకా మంచిది.

కొత్తవాళ్లకు చెప్పాల్సిన నంబరుంటే ఆఖర్న, నిదానంగా, రెండుసార్లు చెప్పండి. మొదట చెబితే విన్నవాళ్లు కాగితం వెతుక్కునేలోపే అది అయిపోతుంది.

నిజంగా చెడు కబురైతే? ఎవరైనా పోయారనే మాటను మెషిన్‌కు చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం. ఒంటరిగా, చీకట్లో, తిరిగి ఏమీ అడగడానికి వీల్లేకుండా వినాల్సిన మాట కాదది. "అమ్మాయీ, నేను పెదనాన్నని. ఎంత రాత్రయినా పరవాలేదు, ఈ నంబరుకి చెయ్యి, నేను మేలుకునే ఉంటా" అనండి. మిగతా రోజుల్లో "అందరం బాగున్నాం" అని తప్పకుండా చెప్పే ఇంట్లో, ఆ మాట లేకపోవడంతోనే వినేవాళ్లు సిద్ధపడతారు. ఆసుపత్రి విషయమైతే మాత్రం దాచకండి. ఎవరిని చేర్చారు, ఏ ఆసుపత్రి, పక్కన ఎవరున్నారు, వాళ్ల నంబరేమిటి, ఈ నాలుగూ చెప్పి పెట్టేయండి.

పెద్దవాళ్ల బిడియం పోగొట్టడానికి ఒక ఉపాయం బాగా పనిచేస్తుంది. ఒక ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని, మీ సెల్ నుంచి ఇంటి ఫోన్‌కు చేసి, బీప్ తర్వాత వాళ్లతోనే మాట్లాడించండి. వెంటనే ఆ మెసేజీని వాళ్లకే వినిపించండి. తమ మాట ఎక్కడికీ పోలేదని, ఉన్నదున్నట్టు ఉందని ఒకసారి చెవులారా వింటే ఇక సందేహించరు.

ఇంటి పలకరింపు కూడా పదిహేను సెకన్లు మించకూడదు. ముందు తెలుగులో చెప్పండి. "నమస్కారం. ఇప్పుడు ఫోన్ అందుకోలేకపోతున్నాం. బీప్ వినబడ్డాక మీ పేరు, విషయం, నంబరు చెప్పండి. రాత్రి తొమ్మిదిలోగా వింటాం." ఆ చివరి వాక్యం చాలామంది పెట్టరు, నా లెక్కలో అదే అన్నిటికంటే విలువైనది. ఎప్పుడు వింటారో తెలిస్తే చేసినవాళ్లు మళ్లీ మళ్లీ చేయరు. పండక్కి ఊరెళ్తున్నాం, సోమవారం వస్తాం అని మాత్రం రికార్డు చేయకండి. ఇంటికి తాళం వేసి ఉందని దొంగకు మీరే చెప్పినట్టవుతుంది.

వినే వేళ

మెషిన్ పెట్టి వినకపోతే పెట్టకపోవడమే మేలు. "రాత్రి తొమ్మిదిలోగా" అన్నారంటే తొమ్మిదిలోగా వినాలి. వారానికొకరు చొప్పున ఇంట్లో ఒకరికి ఆ బాధ్యత అప్పగించండి. అందరి బాధ్యతా అయితే ఎవరి బాధ్యతా కాదు. బేస్ పక్కన ఒక పుస్తకం, దారం కట్టిన పెన్ను ఉండాలి. ఎవరు చేశారు, ఏం కావాలి, ఎప్పటిలోగా, ఎవరు చూసుకుంటారు అన్నది రాశాకే మెసేజీని చెరపండి. మధ్యాహ్నం రెండుకి మొదలై రాత్రి పదకొండుకి ముగిసే షిఫ్టులో భార్యాభర్తలిద్దరూ ఉంటే, "రాత్రి తొమ్మిదిలోగా" అన్నది మార్చి "మధ్యాహ్నం ఒంటిగంటకి వింటాం" అని పెట్టుకోండి. నిలబెట్టుకోగలిగిన గంటనే చెప్పండి.

జవాబు కూడా అదే రోజు ఇవ్వాలి. పని కాకపోయినా ఇవ్వాలి. "అత్తయ్యా, మీ మెసేజీ విన్నాను, బ్యాంకుకి గురువారం వెళ్తాను" అన్నది పూర్తి జవాబే. ఆమె గురువారం దాకా నిశ్చింతగా ఉంటారు. ఈ ఐటీ కారిడార్లో ఆఫీసు మెయిల్‌కు గంటలో బదులిచ్చేవాళ్లు సొంత అత్తయ్యకు మూడు రోజులు బదులివ్వకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆమె మాట వాళ్ల దగ్గర ఎక్కడా రాసి ఉండదు, అందుకే జారిపోతుంది.

అమెరికాకు ఫోన్ చేసే ఇళ్లలో వేళల కాగితం కూడా పక్కన అంటించండి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, మిగతా కాలం పదకొండున్నర గంటలు వెనక. మనకు పొద్దున ఏడైతే వాళ్లకు వేసవిలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర.

వాట్సాప్ వాయిస్ మెసేజీలకూ ఇవే సూత్రాలు. నాలుగు నిమిషాల మెసేజీలో అసలు సంగతి మూడో నిమిషంలో ఉంటే ఎవరు వింటారు?

అపరిచితుల ఫోన్లు

పగలంతా ఒంటరిగా ఉండే తల్లిదండ్రులకు ఆన్సరింగ్ మెషిన్ కాపలా కూడా కాస్తుంది. చాలా సెట్లలో అవతలివాళ్లు మెసేజీ చెబుతుంటే బేస్ స్పీకర్లో వినిపిస్తుంది. తెలిసినవాళ్లయితే మధ్యలోనే ఎత్తి మాట్లాడొచ్చు. తెలియని నంబర్లన్నిటినీ మెషిన్‌కు వదిలేయమని చెప్పండి. పోలీసులమనీ, సీబీఐ అనీ, మీ పార్సిల్‌లో మత్తుమందు దొరికిందనీ బెదిరించే మోసగాళ్ల బలమంతా అవతలి మనిషిని ఫోన్ పెట్టనివ్వకుండా మాట్లాడుతూ ఉండటంలోనే ఉంది. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ డిజిటల్ అరెస్ట్ మోసం గురించి హెచ్చరించారు, అలాంటి అరెస్టు చట్టంలో లేదని చెప్పారు. ఆగి ఆలోచించమన్నదే ఆయన సలహా. మెషిన్ ఎత్తితే ఆగడం దానంతటదే జరుగుతుంది, మోసగాడికి బెదిరించడానికి మనిషి దొరకడు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి చేయాలి. అమ్మకాల ఫోన్ల బెడదకైతే ఆ ల్యాండ్‌లైన్ నుంచే 1909కి చేసి నమోదు చేసుకోవచ్చు.

బయటి నుంచి మెసేజీలు వినే కోడ్‌ను కొన్నరోజే మార్చండి. బ్రిటన్‌లో 2011లో మూతపడిన న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రికవాళ్లు ఇతరుల వాయిస్ మెయిళ్లు దొంగతనంగా విన్నది చాలావరకు ఇలా మార్చకుండా వదిలేసిన కోడ్‌ల వల్లే.

ఇక ప్రాణం మీదికొచ్చే వేళల కోసం ఫోన్ పక్కన గోడకు పెద్ద అక్షరాల్లో మీ సొంత చిరునామా అంటించండి. నిన్ననే ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకు 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయడం తెలుసు, తానున్నది ఏ టవరో తెలియదు. టవర్ పేరు, బ్లాకు, అంతస్తు, ఫ్లాట్ నంబరు, అంబులెన్సు ఏ గేటు నుంచి రావాలి, ఆ గేటు ఎదురుగా ఉన్న గుర్తు, సెక్యూరిటీ గది ఇంటర్‌కమ్ నంబరు, ఇన్నీ తెలుగులో రాయండి. అంటించాక ఆమెతో ఒకసారి పైకి చదివించండి. చూపు ఆనకపోతే అక్షరాలు ఇంకా పెద్దవి చేయండి.